తూకం గదిలోని తెల్ల పొడి: రబ్బరు మిక్సింగ్ షెడ్ల యజమానులకు బహిరంగ లేఖ

అయ్యా,

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ రబ్బరు కలిపించే యజమానులందరికీ నమస్కారం.

పంతొమ్మిదేళ్లుగా నేను ఈ పనిలోనే ఉన్నాను. మొదట ఆరేళ్లు తూకం గదిలో చేశాను, తర్వాత మిల్లు మీద, అంటే రెండు రోళ్ల మధ్య రబ్బరు కలిపే యంత్రం మీద, ఇప్పుడు కాంపౌండింగ్ ఇన్‌చార్జిని, అంటే రబ్బరులో రసాయనాలు కలిపించే పని చూస్తాను. గాస్కెట్లకి, ఓ-రింగులకి బ్యాచ్‌లు వేయిస్తుంటాను. మీలో కొందరికి నా ముఖం తెలుసు. ఎవరినో తప్పుపట్టాలని ఈ ఉత్తరం రాయడం లేదు. మనం టీఎంటీ అని పిలుచుకునే తెల్ల పొడి గురించి, దాన్ని రోజూ చేత్తో తోడే కుర్రాళ్ల గురించి మీతో తిన్నగా మాట్లాడాలనిపించింది.

పూర్తి పేరు టెట్రామిథైల్ థయూరమ్ డైసల్ఫైడ్. రబ్బరు త్వరగా ఉడకడానికి, అంటే వేడికి గంధకంతో కలిసి గట్టిపడటానికి, వేసే యాక్సిలరేటర్. చాలా కాంపౌండ్లలో వంద కిలోల రబ్బరుకి అరకిలో కూడా పడదు. అంత తక్కువ పడుతుంది కాబట్టే దాని సంగతి ఎవరూ పట్టించుకోరు. రబ్బరులో కలిపే కార్బన్ నల్లపొడి సంచి విప్పితే ముఖం, బట్టలు, గోడ అన్నీ నల్లబడతాయి గనక దానికి జాగ్రత్త పడతాం. టీఎంటీ తెల్లగా ఉంటుంది, చేతికంటినా కనబడదు, గాలిలో ఉన్నా కనబడదు. నాకు తెలిసిన షెడ్లలో కార్బన్‌కి వేరే గది ఉంది, టీఎంటీ మాత్రం మూతలేని ప్లాస్టిక్ బకెట్‌లో తక్కెడ పక్కనే ఉంటుంది.

ఇదేమిటో నాకు తెలిసింది ఫ్యాక్టరీలో కాదు, మా ఊళ్లో. మా నాన్నది అనంతపురం జిల్లాలో వేరుశనగ సేద్యం. ఒక ఏడు విత్తనాల సమయానికి సెలవు పెట్టి వెళ్లాను. నాన్న పాత గుడ్డతో ముక్కు, నోరు కట్టుకుని విత్తనానికి మందు పట్టిస్తున్నాడు. కిలోకి 3 గ్రాములు, థైరమ్. డబ్బా చేతిలోకి తీసుకున్నాను. దాని మీద రంగు ముక్కోణం, లోపల మడతపెట్టిన కాగితం. కాగితంలో తెలుగులో రాసి ఉంది: చేతులతో కలపకూడదు, పొడి పీల్చకూడదు, పని అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి. కింద చిన్న అక్షరాల్లో రసాయనం పేరు చదివి నేను అక్కడే కూర్చుండిపోయాను. అప్పటికి నాలుగేళ్లుగా నేను రోజూ గరిటెతో తోడుతున్న పొడి అదే.

నాన్న ఏడాదికి రెండు మూడు రోజులు ముట్టుకుంటాడు. దానికి తెలుగు కాగితం ఉంది, ఎందుకంటే పురుగుమందుల నిబంధనలు స్థానిక భాషలో కరపత్రం పెట్టి తీరాలన్నాయి. నేను ఏడాదిలో మూడొందల రోజులు ముట్టుకుంటున్నాను. నా బకెట్ మీద మార్కర్‌తో రాసిన మూడు ఇంగ్లిష్ అక్షరాలు తప్ప ఏమీ లేవు. పొడి ఒకటే, మనిషి ఊపిరితిత్తులూ ఒకటే. పొలంలోకి వెళ్తే మందు, షెడ్డులోకి వస్తే సరుకు.

ఇక కల్లు సంగతి చెప్పాలి. మా దగ్గర శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒకతను మిల్లు మీద పనిచేసేవాడు. ఒక శనివారం టీఎంటీ ఎక్కువగా పడే బ్యాచ్‌లు వరసగా వేశాడు. సాయంత్రం అందరితో పాటు ఒక గ్లాసు కల్లు తాగాడు. అరగంట కాకుండానే ముఖం, మెడ, ఛాతీ ఎర్రగా కందిపోయాయి. గుండె దడదడ కొట్టుకుంటోందని ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు, వాంతి చేసుకున్నాడు, కళ్లు తిరుగుతున్నాయన్నాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఏం తాగాడని డాక్టరు అడిగారు, కల్లన్నాం. ఏం పని చేస్తాడని అడిగారు, రబ్బరు పనన్నాం. అంతకుమించి చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. కల్లు కల్తీదని అందరం ఆ కల్లు దుకాణం మీద పడ్డాం. కానీ అదే కుండలోది తాగిన మిగతా వాళ్లకి ఏమీ కాలేదు. ఆ రాత్రి అతను బతికి బయటపడ్డాడు. కారణం మాత్రం నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

మద్యం మన ఒంట్లో మొదట అసిటాల్డిహైడ్‌గా మారుతుంది. దాన్ని విరిచేయడానికి కాలేయంలో ఒక ఎంజైమ్ ఉంటుంది. థైరమ్ ఆ ఎంజైమ్‌ని పనిచేయకుండా కట్టేస్తుంది. అప్పుడు అసిటాల్డిహైడ్ రక్తంలో పేరుకుపోతుంది. ముఖం ఎర్రబడటం, దడ, తలనొప్పి, వాంతి, బీపీ పడిపోవడం అన్నీ దానివల్లే. ఇది ఈమధ్య కనిపెట్టిన సంగతి కూడా కాదు. 1937లోనే అమెరికాలో విలియమ్స్ అనే పరిశ్రమ వైద్యుడు ఇలాంటి థయూరమ్ పొళ్లతో పనిచేసే కార్మికులు మద్యం తట్టుకోలేకపోతున్నారని వైద్య పత్రికకు రాశాడు. తాగుడు మాన్పించే మందు దొరికిందేమో అని కూడా అందులో అన్నాడు. పదేళ్ల తర్వాత డెన్మార్క్‌లో హాల్డ్, జాకబ్సన్ అనే ఇద్దరు దీనికి సోదర రసాయనమైన డైసల్ఫిరామ్‌తో నిజంగానే అలాంటి మందు తెచ్చారు. తాగుడు మానాలనుకునే వాళ్లకి మన డాక్టర్లు ఈరోజుకీ అదే రాస్తున్నారు. ఆ మాత్ర ఇచ్చేటప్పుడు డాక్టరు ఒకటికి రెండుసార్లు హెచ్చరిస్తారు. దాని సోదర పొడిని రోజంతా పీల్చి ఇంటికెళ్లే మనిషికి మనం ఒక్క మాట చెప్పడం లేదు. దగ్గు టానిక్కుల్లోనూ కొన్నిసార్లు ఆల్కహాల్ ఉంటుంది, కాబట్టి నేను తాగను కదా అనుకునే వాళ్లకీ ఈ మాట తెలియాలి.

నా చేతుల గురించి కూడా చెప్తాను. తూకం గదిలో మూడో ఏడు వేళ్ల సందుల్లో దురద మొదలైంది. తర్వాత చిన్న పొక్కులు, నీరు కారడం, చర్మం పగలడం. నన్ను చూసి జాలిపడి అప్పటి సూపర్‌వైజరు రబ్బరు గ్లౌజులు తెప్పించి ఇచ్చాడు. మనసున్న మనిషి. గ్లౌజులు వేసుకున్న వారానికి దద్దురు మణికట్టు దాటి మోచేతి దాకా పాకింది. చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్తే ఏది పడటం లేదో తేల్చడానికి వీపు మీద వరసగా చిన్న చిన్న పట్టీలు అంటించారు. రెండు రోజుల తర్వాత తీసి చూశారు, మళ్లీ రమ్మని ఇంకోసారి చూశారు. థయూరమ్ అని రాసిన గడి ఎర్రగా పొంగింది. అప్పుడు ఆవిడ చెప్పిన మాట నేను మర్చిపోలేదు: ఈ అలెర్జీ ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుంది, గ్లౌజుల్లో కూడా ఈ థయూరమే కలుస్తుంది.

రబ్బరు గ్లౌజులు ఉడికేది కూడా యాక్సిలరేటర్‌తోనే కదా. అలెర్జీ వచ్చిన చేతికి రబ్బరు గ్లౌజు తొడగడమంటే పుండు మీద కారం చల్లినట్టే. నేను ఇప్పటికీ రబ్బరు పట్టీల చెప్పులు వేసుకోలేను. కొన్ని బనియన్ల ఎలాస్టిక్ కూడా పడదు. యాక్సిలరేటర్ లేని నైట్రిల్ గ్లౌజులు, వినైల్ గ్లౌజులు బజార్లో దొరుకుతాయి. కొనేటప్పుడు ఆ ఒక్క ప్రశ్న అడిగి కొనండి.

గాలి సంగతికి వస్తాను. థైరమ్‌కి అమెరికాలో వృత్తి ఆరోగ్య నిపుణుల సంఘం చెప్పే హద్దు ఘనపు మీటరు గాలికి 0.05 మిల్లీగ్రాములు. అంకె చూస్తే ఏమీ అర్థం కాదు కాబట్టి మా తూకం గదితో లెక్క కట్టాను. ఐదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు, అంటే 60 ఘనపు మీటర్లు. ఆ గది గాలి మొత్తంలో 3 మిల్లీగ్రాములు తేలుతుంటే చాలు, హద్దు దగ్గరికి వచ్చేసినట్టే. ఒక బియ్యపు గింజ బరువు సుమారు 20 మిల్లీగ్రాములు. అందులో ఏడో వంతు. సంచి మూతి చింపి బకెట్‌లోకి గుమ్మరించినప్పుడు ఎంత లేస్తుందో మీరే ఊహించండి.

ఊహించడం ఎందుకు, చూడండి. ఒక రోజు తూకం గదిలో లైట్లు ఆర్పించి, మీ ఫోన్ టార్చ్ వేసి వెలుగు పక్క నుంచి వచ్చేలా పట్టుకోండి. కుర్రాణ్ణి మామూలుగా ఒక బ్యాచ్ తూచమనండి. గరిటె దించినప్పుడల్లా, ఖాళీ సంచిని నొక్కి మడిచినప్పుడల్లా వెలుగు దారిలో పొగలాంటిది లేచి అతని ముఖం మీదుగా పైకి పోతుంది. మా షెడ్డులో ఇది చేసి చూపించాకే మా యజమాని ఒప్పుకున్నారు. నేను ఎన్నిసార్లు చెప్పినా కదలని మనిషి ఆ రెండు నిమిషాలు చూసి, ఫ్యాబ్రికేటర్‌ని పిలవమన్నారు.

మిల్లు దగ్గర కథ ఇంకొంచెం వేరు. ముందే వేస్తే రబ్బరు మిల్లు మీదే ఉడికిపోతుందని, అంటే స్కార్చ్ అవుతుందని, గంధకం, టీఎంటీ చివర్లో వేస్తాం. అప్పటికి రోళ్లు వేడిగా ఉంటాయి. చేత్తో చల్లుతాం, సగం కింద ట్రేలోకి రాలుతుంది, బ్రష్‌తో ఊడ్చి మళ్లీ రోళ్ల మధ్యకి విసురుతాం. అలా మూడు నాలుగు సార్లు. మనిషి ముఖం సరిగ్గా ఆ రోళ్ల మీదే వంగి ఉంటుంది. ఎండాకాలంలో వెనక పెడెస్టల్ ఫ్యాన్ కూడా పెడతాం, అది ఆ పొడిని షెడ్డంతా పంచుతుంది.

క్యాన్సర్ గురించి అడుగుతారు. తెలిసినంతే చెప్తాను, పెంచి చెప్పను. ఒక్క థైరమ్‌నే తీసుకుంటే అది క్యాన్సర్ తెస్తుందని ఐఏఆర్‌సీ, అంటే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, తేల్చలేదు. కానీ రబ్బరు తయారీ పనిని మొత్తంగా మనుషులకి క్యాన్సర్ తెచ్చే పనుల మొదటి జాబితాలో పెట్టింది. మూత్రాశయం, ఊపిరితిత్తులు, కడుపు, రక్తం, వీటికి వచ్చే క్యాన్సర్లను లెక్కలోకి తీసుకుంది. థైరమ్‌కి ఇందులో ఇంకో దారిలో సంబంధం ఉంది. ప్రెస్‌లో ఉడికేటప్పుడు అది విరిగి డైమిథైల్ అమైన్ వస్తుంది, గాలిలోని నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి నైట్రోసమైన్ అవుతుంది. ఆ నైట్రోసమైన్ మాత్రం గట్టి అనుమానమున్న విషమే. అందుకే జర్మనీ రబ్బరు షెడ్ల గాలిలో నైట్రోసమైన్లకి హద్దు పెట్టింది, అక్కడి కాంపౌండర్లు చాలామంది టీబీజెడ్‌టీడీ అనే ఇంకో థయూరమ్‌కి మారారు. దాని అణువు పెద్దది, కాబట్టి అదే పనికి తూకంలో రెండింతల పైన పడుతుంది, ధర కూడా ఎక్కువే. అన్ని కాంపౌండ్లలో మార్చమని నేను అడగను. తాగునీటి గాస్కెట్లు, పిల్లల సామాన్లు చేసేవాళ్లు మాత్రం ఒక ట్రయల్ బ్యాచ్ వేసి చూడండి.

మీ అందరినీ నేను గట్టిగా అడిగేది ఒకటే. ఈ పొడిని పొడిగా షెడ్డులోకి రానివ్వకండి. ఇదే టీఎంటీ నూనె పట్టించిన గుళికలుగా దొరుకుతుంది, రబ్బరులో కలిపి బిళ్లలుగా చేసిన మాస్టర్‌బ్యాచ్‌గా దొరుకుతుంది. మాస్టర్‌బ్యాచ్‌లో సాధారణంగా 80 శాతం అసలు సరుకు ఉంటుంది. అంటే అరకిలో పొడి వేసే చోట 625 గ్రాములు వేయాలి, లెక్క అంతే. కిలో ధర ఎక్కువ, నిజమే. కానీ ట్రేలోకి రాలేది ఉండదు, గోడకి పట్టేది ఉండదు, రబ్బరులో సమంగా కలుస్తుంది. మా దగ్గర మార్చాక షీట్ల మీద తెల్ల చుక్కలు వచ్చి తిరిగొచ్చే బ్యాచ్‌లు బాగా తగ్గాయి. పొడే కొనక తప్పని వాళ్లకి ఇంకో దారి ఉంది. తక్కువ వేడికే కరిగే ప్లాస్టిక్ సంచుల్లో ఒక్కో బ్యాచ్‌కి సరిపడా తూచి కట్టేయండి. రబ్బరు పిసికి కలిపే నీడర్ యంత్రంలో సంచితో సహా వేసేయొచ్చు, అది రబ్బరులోనే కరిగి కలిసిపోతుంది. అప్పుడు పొడి గాలికి తగిలేది తూకం బల్ల దగ్గర ఒక్కసారే.

ఆ బల్లకి వెనక నుంచి గాలి లాగే హుడ్ పెట్టించండి. మూడు వైపులా మూసి, మనిషి నిలబడే వైపు తెరిచి, గాలి అతని వీపు వైపు నుంచి వచ్చి పొడి మీదుగా లోపలికి పోవాలి. లాగిన గాలి ఫిల్టరు సంచి దాటాకే బయటికి వెళ్లాలి, పక్క షెడ్డు కిటికీలోకి కాదు. పనిచేస్తోందో లేదో చూడటానికి పరికరం అక్కర్లేదు. బల్ల మీద, గదిలో పొడి ఏమీ లేనప్పుడు ఒక అగరుబత్తి వెలిగించి తక్కెడ ఉండే చోట పట్టుకోండి. పొగ తిన్నగా హుడ్‌లోకి పోతే పనిచేస్తున్నట్టు, మీ ముఖం వైపు తిరిగితే లేనట్టు. మాస్కులు ఈ ఏర్పాటు అయ్యాకే. జేబురుమాలు, సర్జికల్ మాస్క్ ఈ పొడిని ఆపవు. ఎన్95 లాంటిది ముఖానికి అతుక్కుని ఉండాలి, గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది.

శుభ్రం చేసే పద్ధతి కూడా మార్చాలి. షిఫ్ట్ అయ్యాక కంప్రెసర్ గన్‌తో బట్టల మీద, తల మీద గాలి కొట్టుకోవడం అన్ని షెడ్లలోనూ ఉంది. నేనూ చేసేవాణ్ణి. అది పొడిని ముక్కులోకి, పక్కవాడి ముక్కులోకి కొట్టడమే. చీపురు కూడా అంతే. మంచి ఫిల్టరున్న వాక్యూమ్, తడిగుడ్డ వాడండి. షెడ్డులోనే స్నానానికి నీళ్లు, సబ్బు, పని బట్టలు ఉతికే ఏర్పాటు ఉండాలి. ఆ బట్టలు ఇంటికెళ్తే చంటిపిల్లల బట్టలతో కలిపి ఉతుకుతారు. ఖాళీ సంచులు కూరగాయలకని, పరుపు కిందకని తీసుకెళ్లనివ్వకండి. కడిగిన నీళ్లు నాలాలోకి వదలకండి, థైరమ్ చేపలకి చాలా విషం. నిప్పంటుకుంటే కార్బన్ డైసల్ఫైడ్, సల్ఫర్ డయాక్సైడ్ పొగలు వస్తాయి, మంట ఆర్పడానికి వచ్చేవాళ్లకి అక్కడ ఏముందో ముందే చెప్పాలి.

నిప్పు మాట వచ్చింది కాబట్టి, దూలాల మీదికి కూడా ఒకసారి చూడండి. 2003 జనవరి 29న అమెరికాలోని కిన్‌స్టన్ ఊళ్లో రబ్బరు కాంపౌండింగ్ చేసే ఒక ప్లాంటు పేలింది. ఆరుగురు చనిపోయారు, ముప్పై మందికి పైగా గాయపడ్డారు. పేలింది బాయిలరు కాదు. షీట్లు అంటుకోకుండా పూసే మెత్తటి పాలిథిలిన్ పొడి, ఆరేటప్పుడు గాలికి లేచి, ఫాల్స్ సీలింగ్ పైన ఏళ్ల తరబడి పేరుకుంది. కింద గది రోజూ తుడిచేవాళ్లు, మెరుస్తూ ఉండేది. పైన ఏముందో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. సరుకుతో వచ్చిన భద్రతా పత్రంలో కూడా ఆ పొడి పేలగలదన్న హెచ్చరిక లేదని విచారణలో తేలింది. మన షెడ్లలో గంధకం ఉంది, అది ఇంకా సులువుగా అంటుకుంటుంది.

అధికారులకి రాయకుండా మీకెందుకు రాస్తున్నానంటే కారణం ఉంది. రసాయనాల వల్ల వచ్చే చర్మవ్యాధి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఎప్పటినుంచో ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వ్యాధే. 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ జాబితా ఉంది. కానీ అదే కోడ్‌లో, కరెంటు వాడే చోట 20 మంది ఉంటేనే ఫ్యాక్టరీ. మనలో చాలామంది షెడ్లలో ఎనిమిది మంది, పన్నెండు మంది. ఇన్‌స్పెక్టరు వచ్చి చెప్తాడని ఎదురుచూస్తే మన తూకం గదికి ఎవరూ రారు. అక్కడి కుర్రాడికి మీరే చట్టం, మీరే డాక్టరు. ఇప్పుడు ఆ కుర్రాడు బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి ఉంటాడు. కాబట్టి కాగితం తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి, ఒడియాలో ఒకటి ఉండాలి. చదవలేని వాళ్లకి మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పాలి.

మా బకెట్ మూత మీద ఇప్పుడు అంటించి ఉన్నది కింద రాస్తున్నాను. మార్చుకోండి, మీ షెడ్డు పేరు వేసుకోండి, రేపే అంటించండి.

టీఎంటీ. ఇది థైరమ్, విత్తనాలకి పట్టించే విషపు మందు ఇదే. పీల్చకు. ఒట్టి చేత్తో ముట్టకు. హుడ్ ఆన్ చేయకుండా మూత తీయకు. రబ్బరు గ్లౌజు వద్దు, గూట్లో నైట్రిల్ ఉంది. ఈ పని చేస్తున్నన్నాళ్లూ, మానేశాక మూడు వారాల దాకా కూడా, కల్లు, సారా, బీరు ఏదీ తాగకు, గుండెకి ప్రమాదం. చేతులు దురద పెడితే ఆ రోజే చెప్పు, నీ కూలి తగ్గదు. ఆసుపత్రికి వెళ్తే ఈ చీటీ చించుకుని తీసుకెళ్లి డాక్టరుకి చూపించు.

ఇట్లు,
మీలాంటి ఒక షెడ్డులో కాంపౌండింగ్ ఇన్‌చార్జి